మెర్ల్ ఒబెరాన్: బొంబాయిని దాచుకున్న హాలీవుడ్ తార

పెద్ద మ్యూజియంలకు ఒక అలవాటు ఉంది. అప్పుడప్పుడు పాత హాలీవుడ్ తారను ఒకరిని ఎంచుకుని, వారి సినిమాలను వరసగా ప్రదర్శిస్తాయి. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ అయితే 1935లోనే సినిమాల కోసం ప్రత్యేక విభాగం పెట్టింది. ఇలాంటి ప్రదర్శనలకు వచ్చినవాళ్ల చేతికి ఒక చిన్న పరిచయ పత్రం ఇస్తారు. పేరు, పుట్టిన ఏడాది, పుట్టిన ఊరు, నటించిన సినిమాలు. ఏ తారకైనా ఇది పది నిమిషాల్లో రాసేయొచ్చు. మెర్ల్ ఒబెరాన్ దగ్గరికి వచ్చేసరికి పుట్టిన ఊరి దగ్గరే కలం ఆగుతుంది.

ఆమె బతికున్నంత కాలం అక్కడ ఉన్న సమాధానం హోబర్ట్. ఆస్ట్రేలియా దక్షిణ కొసన ఉన్న టాస్మేనియా ద్వీపానికి రాజధాని. స్టూడియోలు అదే చెప్పాయి, పత్రికలు అదే రాశాయి, ఆమె కూడా అదే చెప్పుకుంది. నిజానికి ఆమె పుట్టింది బొంబాయిలో, 1911 ఫిబ్రవరి 19న. పెరిగింది బొంబాయిలో, ఆ తర్వాత కలకత్తాలో. ఆస్కార్ ఉత్తమ నటి అవార్డుకు నామినేట్ అయిన తొలి ఆసియా సంతతి మహిళ ఆమే. ఆ ఘనత తనదని ఆమె ఎన్నడూ చెప్పుకోలేదు. చెప్పుకుని ఉంటే ఆ నామినేషనే వచ్చేది కాదు.

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎస్టెల్ మెర్ల్ థాంప్సన్. ఇంట్లో అందరూ క్వీనీ అనేవారు. ఆ ఏడాదే ఐదవ జార్జి, క్వీన్ మేరీ భారతదేశానికి వచ్చారు, ముద్దుపేరు అక్కడి నుంచే వచ్చిందంటారు. తండ్రిగా నమోదైన ఆర్థర్ థాంప్సన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి రైల్వేలో పనిచేసిన ఇంజనీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి చనిపోయాడు. ఇంటిని నడిపిన మనిషి షార్లట్ సెల్బీ. సిలోన్ నుంచి వచ్చిన స్త్రీ, మిశ్రమ సంతతి, చామనఛాయ. మెర్ల్ ఆమెను అమ్మా అనే పిలిచింది. ఆ ఇంట్లోనే కాన్‌స్టెన్స్ అనే ఇంకో అమ్మాయి ఉండేది, ఆమె అక్క అని చెప్పారు. ఈ అక్క సంగతి తర్వాత చెప్పుకుందాం.

సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్ గురించి తెలిసినవాళ్లకు ఆ ఆంగ్లో ఇండియన్ ప్రపంచాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. రైల్వే, టెలిగ్రాఫ్, కస్టమ్స్ ఉద్యోగాలు వాళ్లకు దొరికేవి. దొరల క్లబ్బులో సభ్యత్వం దొరికేది కాదు. రంగు ఒక మెట్టు తక్కువైతే ఆ సమాజంలో కూడా ఒక మెట్టు కిందే. మెర్ల్ తెల్లగా పుట్టింది, షార్లట్ తెల్లగా లేదు. కలకత్తా లా మార్టినియర్ బాలికల పాఠశాలలో మెర్ల్‌కు ఉచిత విద్య దొరికింది కానీ, తోటి పిల్లల ఎగతాళి భరించలేక మధ్యలోనే మానేసింది. కొన్నాళ్లు టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసింది. సాయంత్రాలు ఔత్సాహిక నాటక సంఘంలో, రాత్రులు చౌరంగీలోని ఖరీదైన హోటళ్లలో నాట్యాల దగ్గర. ఆమె అందం అప్పటికే ఊళ్లో నలుగురి నోళ్లలో పడింది.

జీవితచరిత్రలు చెప్పే కథ ఒకటి ఇక్కడ ముఖ్యం. ఒక అమెరికన్ ఆమెను ఇష్టపడ్డాడు. ఒకరోజు ఇంటి దగ్గర దించడానికి వచ్చి షార్లట్‌ను చూశాడు. చూడగానే సంగతి అర్థమైంది. ప్రేమ అక్కడితో ఆగింది. పోతూపోతూ ఫ్రాన్స్‌కు వస్తే తనకు తెలిసిన దర్శకుడు రెక్స్ ఇంగ్రామ్‌కు పరిచయం చేస్తానన్నాడు. ఆమె రాదులే అనుకుని ఉంటాడు. ఆమె వెళ్లింది, షార్లట్‌ను వెంటబెట్టుకుని మరీ. మాట ఇచ్చినవాడు ఫ్రాన్స్‌లో కనిపించలేదు. ఇంగ్రామ్ మాత్రం ఆమెకు గుంపులో ఒక చిన్న వేషం ఇచ్చాడు.

ఒక్క చూపుతో ఒక సంబంధం తెగిపోవడం ఆమె కళ్లారా చూసింది. తర్వాతి యాభై ఏళ్ల జీవితానికి బీజం ఆ కలకత్తా గుమ్మంలోనే పడిందని నాకు అనిపిస్తుంది.

ఫ్రాన్స్ నుంచి లండన్. అక్కడ నైట్‌క్లబ్బులో హోస్టెస్ ఉద్యోగం, సినిమాల్లో పేరు లేని వేషాలు. అప్పుడే అలెగ్జాండర్ కోర్డా కంట్లో పడింది. కోర్డా హంగేరీ నుంచి వలస వచ్చిన యూదుడు, అసలు పేరు షాందోర్ కెల్నర్. తన పేరు తానే మార్చుకున్న మనిషికి మరొకరి పేరు మార్చడం పెద్ద పని కాదు. ఓబ్రయన్ అనే ఆమె ఇంటి మధ్య పేరు సాగి ఒబెరాన్ అయింది. 1933లో వచ్చిన ‘ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్’లో ఆమెది యాన్ బోలిన్ పాత్ర. తెరమీద ఉండేది కొద్ది నిమిషాలే, తల నరికించుకోవడానికి వెళ్లే రాణి. ఆ కొద్ది నిమిషాలే చాలాయి. మరుసటి ఏడాది ‘ది స్కార్లెట్ పింపర్నెల్’లో లెస్లీ హవార్డ్ పక్కన కథానాయిక.

పేరు వచ్చాక పత్రికలు అడిగే మొదటి ప్రశ్న, ఎవరమ్మాయివి, ఏ ఊరు? దానికి జవాబు తయారైంది. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. ఆమె పుట్టింది టాస్మేనియాలో. తండ్రి వేటకు వెళ్లి ప్రమాదంలో పోయాడు. తర్వాత ఇండియాలో ఉన్నత కుటుంబీకుల దగ్గర పెరిగింది. పుట్టుక కాగితాలు ఏమయ్యాయంటే, అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

టాస్మేనియానే ఎందుకు? లండన్ విలేఖరి ఎవడూ అంత దూరం వెళ్లి విచారించడు. అక్కడ పుట్టినవాళ్లంటే బ్రిటిష్ వాళ్లే అని జనం అనుకుంటారు. ఇండియా ఆనవాళ్లు మాటలో, నడవడిలో ఎక్కడైనా బయటపడితే, పెరిగింది అక్కడే కదా అని సర్దుకోవచ్చు. అబద్ధాన్ని నిజానికి దగ్గరగా కట్టారు, అందుకే అది అంతకాలం నిలబడింది.

ఇదే కోర్డా సంస్థ కొన్నేళ్లకే ఇంకో భారతీయుణ్ణి తారను చేసింది. మైసూరు సంస్థానంలో మావటి కొడుకు సాబు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’తో ప్రపంచమంతా తెలిసిపోయాడు. అతని విషయంలో దాచడానికి ఏమీ లేదు సరికదా, మైసూరు, ఏనుగు, తలపాగా, ఇవే ప్రచారం. ఒకే కంపెనీ ఒక భారతీయుణ్ణి భారతీయుడని చాటి అమ్మింది, మరొక భారతీయురాలిని కాదని చెప్పి అమ్మింది. తేడా ఎక్కడుందంటే, సాబు పక్కన ఉండేది ఏనుగు. మెర్ల్ పక్కన ఉండేది తెల్ల కథానాయకుడు, కథ చివర్లో వాళ్లిద్దరూ ముద్దు పెట్టుకోవాలి.

ఇది వెటకారం కాదు, అప్పటి నిబంధన. అమెరికా స్టూడియోలు తమకు తాము రాసుకున్న హేస్ కోడ్ 1934 నుంచి కఠినంగా అమలైంది. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య ప్రేమ సంబంధాన్ని తెరమీద చూపించకూడదని అందులో ఉంది. ఆచరణలో ఆ భయం ఆసియా వాళ్ల దాకా పాకింది. లాస్ ఏంజెలిస్‌లో పుట్టి పెరిగిన చైనీస్ అమెరికన్ నటి యానా మే వాంగ్‌కు ‘ది గుడ్ ఎర్త్’లో చైనా రైతు భార్య పాత్ర దక్కలేదు. భర్త పాత్రలో తెల్ల నటుడు పాల్ మ్యునీ ఉన్నాడు కాబట్టి భార్య కూడా తెల్ల నటే కావాలి. ఆ పాత్రను లూయీ రైనర్ చేసింది, 1937 సంవత్సరానికి ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది.

తెర బయట చట్టాలు ఇంకా కరుకు. 1917 వలస చట్టం భారతదేశంతో సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసలను నిషేధించింది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవారి కిందికి రారని, వారికి పౌరసత్వం ఇవ్వడం కుదరదని తీర్పు చెప్పింది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి. అయినా తీర్పు మారలేదు. 1946లో లూస్ సెల్లర్ చట్టం వచ్చేదాకా ఇదే పరిస్థితి. ఆ చట్టం తర్వాతైనా భారతీయులకు దక్కింది ఏడాదికి వంద వలస వీసాలు. మెర్ల్ హాలీవుడ్‌లో వెలిగిన కాలమంతా ఈ చట్టాల కిందే గడిచింది. ఆమె అబద్ధాన్ని మోజు అనో గొప్పల కోసం అనో తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు ఈ తారీఖులు ఒకసారి చూడాలి.

1935లో శామ్యూల్ గోల్డ్‌విన్ నిర్మించిన ‘ది డార్క్ ఏంజెల్’ వచ్చింది. అంతకు ముందు ఆమెకు వచ్చినవి తూర్పుదేశపు సొగసు పాత్రలు. ‘ది బ్యాటిల్’లో జపాన్ కులీన స్త్రీగా కూడా వేసింది. గోల్డ్‌విన్ ఆ మేకప్ అంతా తీయించి ఆమెను అచ్చమైన ఇంగ్లిష్ పల్లెటూరి అమ్మాయిగా నిలబెట్టాడు. ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ ఈ సినిమాకే. పోటీలో క్యాథరిన్ హెప్‌బర్న్, క్లాడెట్ కోల్బర్ట్ వంటివారు ఉన్నారు, అవార్డు బెటీ డేవిస్‌కు వెళ్లింది. ఆ రాత్రి ఆ హాల్లో ఒక చరిత్ర నమోదైందని తెలిసినవాళ్లు ఒకరిద్దరికి మించి ఉండరు.

ఆమె సినిమాల్లో ఒక్కటే చూడాలనుకునేవాళ్లు 1939 నాటి ‘వుదరింగ్ హైట్స్’ చూడాలి. విలియం వైలర్ దర్శకత్వం, ఎమిలీ బ్రాంటీ నవల. నవలలో హీత్‌క్లిఫ్ ఎక్కడి నుంచి వచ్చాడో తెలియని నల్లని అనాథ. అతని రంగు గురించి, జాతి గురించి ఇంట్లోవాళ్లు రకరకాలుగా ఊహిస్తారు. క్యాథీ తెల్ల దొరల బిడ్డ. హోదా కోసం క్యాథీ అతణ్ణి వదులుకుని ధనవంతుణ్ణి పెళ్లాడుతుంది, ఆ తర్వాత బతికినన్నాళ్లూ కుమిలిపోతుంది. సినిమాలో ఆ నల్లనివాడిగా వేసింది ఇంగ్లండ్ పాస్టరు కొడుకు లారెన్స్ ఒలీవియే. తెల్లమ్మాయిగా వేసింది కలకత్తా క్వీనీ. తన మూలం ఏదో అదే తనను పిలుస్తుంటే, కాదని తలుపు వేసుకునే మనిషి ఆ పాత్ర. ఒబెరాన్ నటన పైపైనే ఉంటుందన్న విమర్శ ఆ రోజుల్లోనే ఉంది, కొన్ని సినిమాల విషయంలో అది సబబే. ఈ సినిమాలో మాత్రం హీత్‌క్లిఫ్ తనలోనే ఉన్నాడని క్యాథీ ఒప్పుకునే ఘట్టాన్ని ఆమె బతుకు తెలిసి చూస్తే కుర్చీలో కదలకుండా కూర్చోవడం కష్టం.

క్యాథీ పాత్రకు ఒలీవియే కోరుకున్నది వివియన్ లీని. ఆమె ఎక్కడ పుట్టింది? డార్జిలింగ్‌లో, 1913లో. వివియన్ లీ తన పుట్టిన ఊరు ఎన్నడూ దాచుకోలేదు, దాచాల్సిన అవసరం రాలేదు. దొరల కుటుంబంలో పుడితే డార్జిలింగ్ ఒక అందమైన జ్ఞాపకం. మిశ్రమ సంతతిలో పుడితే బొంబాయి ఒక నేరం. ఆ ఏడాది ‘గాన్ విత్ ద విండ్’తో ఆస్కార్ గెలుచుకుంది వివియన్ లీ.

ఇక షార్లట్. లండన్‌లో ఆమె మెర్ల్‌తోనే ఉంది, కానీ తల్లిగా కాదు. అతిథులు వస్తే ఆమె ఇంటి పనిమనిషి. తెల్ల బట్టలు కట్టుకుని టీ తెచ్చి ఇచ్చే ముసలామె. అప్పుడప్పుడు తమ ఇద్దరి మధ్య మాత్రం హిందుస్తానీ మాటలు దొర్లేవని చెబుతారు. 1937లో షార్లట్ మరణించింది. పన్నెండేళ్ల తర్వాత, 1949లో, మెర్ల్ ఒక పాత ఫొటో ఇచ్చి ఆమె బొమ్మ గీయించింది. చిత్రకారుడికి చెప్పిన షరతు ఒకటే, మేనిరంగు తెల్లగా ఉండాలి. ఆ బొమ్మను ఆమె ఏ ఇంటికి మారితే ఆ ఇంటికి తీసుకెళ్లింది. చనిపోయేదాకా గోడ మీద ఉంది. గోడ మీద పెట్టుకోవడానికి అమ్మ కావాలి, ఆ అమ్మ తెల్లగా ఉంటే తప్ప పెట్టుకోవడానికి లేదు. ఆమె జీవితం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నాకు ఈ బొమ్మే మళ్లీ మళ్లీ గుర్తొస్తుంది.

చర్మమే ఆమెకు పెట్టుబడి, చర్మమే శాపం. 1937లో ‘ఐ, క్లాడియస్’ షూటింగ్ మధ్యలో కారు ప్రమాదంలో గాయపడింది, ఆ సినిమా అంతటితో ఆగిపోయింది. 1940లో కాస్మెటిక్స్, మందులు పడక ముఖమంతా దెబ్బతింది. మచ్చలు పోవడానికి చర్మం గీకే చికిత్సలు చేయించుకుంది. 1944లో వచ్చిన ‘ది లాడ్జర్’ తీస్తున్నప్పుడు కెమెరామన్ లూసియన్ బల్లార్డ్ ఒక ఉపాయం చేశాడు. కెమెరా పక్కనే లెన్స్‌కు దగ్గరగా ఒక దీపం అమర్చాడు. కాంతి నేరుగా ముఖం మీద పడటంతో మచ్చల నీడలు మాయమయ్యాయి, ముఖం మరింత తెల్లగా మెరిసింది. ఆ దీపానికి ఆమె పేరు మీదే ఓబీ అన్న పేరు వచ్చింది, ఆ తర్వాత పరిశ్రమలో చాలామంది వాడారు. ఆమె ఆ కెమెరామన్‌నే పెళ్లి చేసుకుంది.

అది రెండో పెళ్లి. మొదటిది 1939లో కోర్డాతో. ఆయనకు 1942లో సర్ బిరుదు రావడంతో కలకత్తా టెలిఫోన్ ఆపరేటర్ లేడీ కోర్డా అయింది. 1945లో విడిపోయారు. బల్లార్డ్‌తో కాపురం 1949 వరకు. 1957లో మెక్సికోలో స్థిరపడిన ఇటలీ పారిశ్రామికవేత్త బ్రూనో పగ్లియాయ్‌ను పెళ్లాడి ఇద్దరు పిల్లలను దత్తత తీసుకుంది. సినిమాలు తగ్గాయి, విందులు పెరిగాయి. 1973లో సొంతంగా ‘ఇంటర్వల్’ తీసి అందులో తనకంటే పాతికేళ్లు చిన్నవాడైన రాబర్ట్ వోల్డర్స్ పక్కన నటించింది, 1975లో అతణ్ణి పెళ్లి చేసుకుంది. అదే ఆఖరి సినిమా.

ఇంతకాలం ఆమె టాస్మేనియాలో అడుగు పెట్టలేదు. 1965లో ఆస్ట్రేలియా దాకా వచ్చి, విలేఖరులు పుట్టుక గురించి గుచ్చిగుచ్చి అడగడంతో పర్యటన కుదించుకుని వెళ్లిపోయింది. 1978లో వెళ్లక తప్పలేదు. హోబర్ట్ నగరం తన ముద్దుబిడ్డకు స్వాగతం ఏర్పాటు చేసింది, నగర మేయర్ విందు ఇచ్చాడు. ఊరంతా ఎదురుచూసిన ఆ సభలో ఆమె తాను ఇక్కడ పుట్టలేదని అనేసింది. ఆ వెంటనే ఒంట్లో బాగోలేదని పక్కకు తప్పుకుంది. వివరణ ఇవ్వలేదు. అప్పటికి ఆమెకు అరవై ఏడేళ్లు. హోదా, డబ్బు, పేరు అన్నీ ఉన్నాయి. చట్టాలు మారిపోయి ముప్పై ఏళ్లు దాటింది. అయినా బొంబాయి అన్న మాట ఆమె నోట రాలేదు.

మరుసటి ఏడాది, 1979 నవంబర్ 23న, కాలిఫోర్నియాలోని మాలిబూలో పక్షవాతంతో కన్నుమూసింది.

గుట్టు రెండు విడతల్లో విప్పుకుంది. 1983లో చార్లెస్ హైమ్, రాయ్ మోస్లీ రాసిన జీవితచరిత్ర ఆమె బొంబాయిలో పుట్టిందనీ, పనిమనిషిగా చలామణీ అయిన షార్లట్ ఆమె తల్లి అనీ బయటపెట్టింది. అది కూడా సగమే నిజం. అక్క అనుకున్న కాన్‌స్టెన్స్ సంగతి ఇక్కడ వస్తుంది. బొంబాయి జనన ధ్రువపత్రంలో తల్లి గడిలో ఉన్న పేరు కాన్‌స్టెన్స్‌ది. మెర్ల్‌ను కన్నప్పుడు ఆమె తానే ఇంకా చిన్నపిల్ల. పరువు పోతుందని షార్లట్ మనవరాలిని కూతురిగా పెంచింది. కాన్‌స్టెన్స్‌కు తర్వాత పెళ్లయి వేరే పిల్లలు పుట్టారు. వాళ్లలో ఒకరు ఆ పత్రం చేతికి దొరికాక, మెర్ల్ తమ మేనత్తో పిన్నో కాదని, తోడబుట్టినదని తెలుసుకుని లాస్ ఏంజెలిస్‌కు వెళ్లారు. ఆమె కలవడానికి ఒప్పుకోలేదు. 1983 పుస్తకం రాసినవాళ్లకు ఆయన ఈ సంగతి చెప్పలేదు. ఆస్ట్రేలియా దర్శకురాలు మరీ డెలోఫ్‌స్కీ 2002లో తీసిన ‘ది ట్రబుల్ విత్ మెర్ల్’ డాక్యుమెంటరీ దాకా అది ఇంటి గుట్టుగానే ఉంది.

అంటే మెర్ల్ కట్టిన అబద్ధం కంటే ముందే ఆమె చుట్టూ ఒక అబద్ధం కట్టి ఉంది. దాచడం అనే విద్య ఆమెకు హాలీవుడ్ నేర్పలేదు, బొంబాయిలో ఉయ్యాలలోనే అబ్బింది. స్టూడియోలు దానికి వెల కట్టాయి, అంతే.

2023లో మిషెల్ యో ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయినప్పుడు పత్రికలకు ఒక ఇబ్బంది ఎదురైంది. ఈ విభాగంలో తొలి ఆసియా నటి అని రాయబోతే ఎనభై ఏడేళ్ల నాటి ఒబెరాన్ అడ్డు వచ్చింది. చివరికి చాలామంది, ఆసియా వ్యక్తిగా తనను తాను గుర్తించుకునే నటీమణుల్లో మొదటివారు అని తిరగరాసుకున్నారు. ఆ సర్దుబాటు సరైనదే అనుకుంటాను, కానీ అందులో మెర్ల్‌కు ఇచ్చిన చోటు ఒక ఫుట్‌నోట్ అంత. 2025లో మయూఖ్ సేన్ రాసిన జీవితచరిత్ర ‘లవ్, క్వీనీ’ ఆమెను దక్షిణాసియా నటిగానే నిలబెట్టి చూసింది. ఇకమీదట మ్యూజియం పరిచయ పత్రాల్లో పుట్టిన ఊరి దగ్గర తడబాటు ఉండకపోవచ్చు.

టాస్మేనియాలో మాత్రం ఆమె తమ బిడ్డే అన్న నమ్మకం తేలిగ్గా పోలేదు. సెంట్ హెలెన్స్ అనే చిన్న ఊళ్లో హోటల్లో పనిచేసిన ఒక చైనా సంతతి అమ్మాయికి మెర్ల్ పుట్టిందని అక్కడివాళ్లు తరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. డెలోఫ్‌స్కీ బొంబాయి కాగితం సంగతి చెప్పినా, వాళ్లలో కొందరు తల అడ్డంగా ఊపారు.